చీలిన చంద్రవంక – 17: ఓడినవాడి సంతకం

1971 డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్తాన్ జనరల్ నియాజీ పెట్టిన సంతకంతో యుద్ధం ముగిసింది. బంగ్లాదేశ్ అనే దేశం ఒకటుందని పాకిస్తాన్ ఒప్పుకోవడానికి ఆ తర్వాత ఇంకో రెండేళ్ళ రెండు నెలలు పట్టింది. ఈ రెండేళ్ళలో పాకిస్తాన్‌లో జరిగిన రభసను మన పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటేస్తాయి. గెలిచినవాళ్ళకు కథ డిసెంబరులోనే అయిపోయింది మరి. ఓడిన ఇంట్లో అసలు తగువు అప్పుడే మొదలైంది.

కిందటి భాగంలో చెప్పుకున్నట్టు డిసెంబరు 20న యాహ్యాఖాన్ దిగిపోయి జుల్ఫికర్ అలీ భుట్టో గద్దెనెక్కాడు. అధ్యక్షుడూ ఆయనే, సైనిక పాలన ప్రధానాధికారీ ఆయనే. చేతికొచ్చిన దేశం ఎలా ఉందంటే, జనాభాలో సగానికి పైగా పోయింది. సైనికులూ పౌరులూ కలిపి 93 వేల మంది భారతదేశంలో బందీలుగా ఉన్నారు. పశ్చిమ సరిహద్దులో అయిదు వేల చదరపు మైళ్ళకు పైగా నేల మన సైన్యం అధీనంలో ఉంది. తూర్పు పాకిస్తాన్ ఇక తిరిగి రాదన్న సంగతి భుట్టోకు మొదటి రోజునుంచే తెలుసని నా నమ్మకం. లేకపోతే తూర్పు పాకిస్తాన్ నాయకుడు ముజీబ్‌ను అంత త్వరగా వదిలేవాడు కాదు.

ముజీబుర్ రెహమాన్ అప్పటికి మియాన్‌వాలీ జైల్లో ఉన్నాడు. సైనిక న్యాయస్థానం ఉరిశిక్ష వేసింది. భుట్టో ఆయనను జైలునుంచి తీయించి రావల్పిండి దగ్గర సిహాలా అతిథి గృహంలో ఉంచి, స్వయంగా వెళ్ళి మాట్లాడాడు. రెండు భాగాల మధ్య ఏదో ఒక లంకె ఉంచమని అడిగాడు. మా వాళ్ళను కలవకుండా ఏమీ చెప్పలేనన్నాడు ముజీబ్. 1972 జనవరి 3న కరాచీ నిష్తర్ పార్కు సభలో భుట్టో జనాన్నే అడిగాడు, ముజీబ్‌ను బేషరతుగా వదిలేద్దామా అని. జనం సరేనన్నారు. నా నెత్తిమీది బరువు దించారంటూ వాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

జనవరి 8న లండన్ చేరిన ముజీబ్ 10న ఢిల్లీలో దిగాడు. పాలం విమానాశ్రయంలో మన తెలుగు రాష్ట్రపతి వి.వి. గిరి, ప్రధాని ఇందిర ఎదురెళ్ళి స్వాగతం పలికారు. ఆ మధ్యాహ్నమే ఢాకా రేస్‌కోర్సులో లక్షల జనం ముందు నిలబడి, భుట్టో అడిగిన లంకె మాటకు ముజీబ్ జవాబు చెప్పేశాడు. ఆ బంధం తెగిపోయింది, మీరు సుఖంగా ఉండండి, మా దేశం మాది అన్నాడు.

నిష్తర్ పార్కులో భుట్టోకు ఇంతకుముందే ఒక పాత బాకీ ఉంది. 1971 మార్చి 14న ఇదే పార్కులో, అధికారాన్ని తూర్పున అక్కడ నెగ్గిన పార్టీకి, పడమట ఇక్కడ నెగ్గిన పార్టీకి ఇవ్వాలన్న అర్థం వచ్చేలా ప్రసంగించాడు. మర్నాడు లాహోర్ నుంచి వచ్చే 'ఆజాద్' పత్రికలో అబ్బాస్ అథర్ అనే పాత్రికేయుడు ఆ ప్రసంగాన్ని నాలుగు ముక్కల్లోకి కుదించి శీర్షిక పెట్టాడు: 'ఇధర్ హమ్, ఉధర్ తుమ్'. ఇక్కడ మేము, అక్కడ మీరు. ఆ మాటలు భుట్టో నోటినుంచి యథాతథంగా వచ్చినవి కావు. అయినా బతికినంత కాలం ఆయనను వదల్లేదు. 1970 ఎన్నికల్లో తూర్పున 162 స్థానాల్లో 160 ముజీబ్ అవామీ లీగ్‌వి. భుట్టో పీపుల్స్ పార్టీకి దేశం మొత్తం మీద వచ్చినవి 81. ఆ లెక్కన ప్రధాని కావలసినవాడు ముజీబ్. కాకుండా అడ్డుపడ్డవాళ్ళలో సైన్యంతోపాటు భుట్టో కూడా ఉన్నాడు. ఇప్పుడు ఆ భుట్టోనే బంగ్లాదేశ్‌ను గుర్తిస్తానంటే, దేశాన్ని చీల్చినవాడే చీలికకు రాజముద్ర వేస్తున్నాడనరా? అన్నారు కూడా.

అందుకని పైకి పూర్తిగా వేరే వేషం కట్టాడు. బంగ్లాదేశ్‌ను ఎవరు గుర్తిస్తే వాళ్ళతో దౌత్యసంబంధాలు తెంచేస్తామన్నాడు. 1972 జనవరిలో మంగోలియా, బల్గేరియా, పోలండ్ లాంటి దేశాలమీద ఈ కత్తి ఝళిపించాడు కూడా. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ గుర్తించబోతున్నాయని తెలియగానే జనవరి 30న కామన్‌వెల్త్‌నుంచి బయటికొచ్చేశాడు. (మళ్ళీ చేరింది 1989లో.) అయితే సోవియట్ యూనియన్ గుర్తిస్తే మాస్కోతో తెంచుకోలేదు. కామన్‌వెల్త్‌ను వదిలాడు గానీ లండన్‌లో రాయబార కార్యాలయం మూయలేదు. ఏప్రిల్లో అమెరికా గుర్తిస్తే కిమ్మనలేదు. పోలండ్‌తో తెగతెంపులు చేసుకుంటే కరాచీలో ఎవరికీ గోధుమపిండి కరువు కాదు, వాషింగ్టన్‌తో తెంచుకుంటే అవుతుంది. ఈ తేడా భుట్టోకు బాగా తెలుసు.

ఇంతకీ ఎదురుచెప్పినవాళ్ళు ఎవరు? అందరికంటే గట్టిగా వినిపించింది జమాతే ఇస్లామీ గొంతు. దాని విద్యార్థి విభాగం ఇస్లామీ జమియతే తలబాకు లాహోర్ పంజాబ్ విశ్వవిద్యాలయం కంచుకోట. అక్కడినుంచే 'బంగ్లాదేశ్ నామంజూర్' ఉద్యమం ఊరేగింపులుగా, గోడరాతలుగా నగరాల్లోకి దిగింది. తర్వాతి కాలంలో పెద్ద రాజకీయ నాయకుడైన జావేద్ హష్మీ లాంటివాళ్ళు పేరు తెచ్చుకున్నది అప్పుడే. ముస్లిం లీగ్ ముక్కలు కూడా గొంతు కలిపాయి. వీళ్ళ వాదనను మూర్ఖత్వమని కొట్టేయడం తేలిక, కానీ అందులో పస ఉంది. ముస్లింలందరిదీ ఒకే జాతి అన్న మాటమీద పుట్టిన దేశం ఇది. ఆ ముస్లింలలో దాదాపు సగం మంది మేం వేరే జాతి అని వెళ్ళిపోయారు. దానికి మనమే సంతకం పెడితే, మనం పుట్టిన కారణం అబద్ధమని మనమే ఒప్పుకున్నట్టు కాదా? పైగా 93 వేల మందిని పట్టి ఉంచుకున్నవాడు మెడమీద కత్తిపెట్టి అడుగుతున్న గుర్తింపు ఇది. వాళ్ళను ఇళ్ళకు చేర్చాక మాట్లాడదాం అనేవారు.

పైకి అనని భయం ఇంకొకటుంది. బలూచిస్తాన్, సరిహద్దు రాష్ట్రాల్లో వలీఖాన్ నాయకత్వంలోని నేషనల్ అవామీ పార్టీకి బలముంది. 1973 ఫిబ్రవరిలో భుట్టో బలూచిస్తాన్‌లో అతావుల్లా మెంగల్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశాడు. కొండల్లో తిరుగుబాటు రాజుకుంది. బెంగాలీలు విడిపోయారని ఈరోజు ఒప్పుకుంటే రేపు బలూచీలు, పఠాన్లు ఏమడుగుతారో అన్న గుబులు ఇస్లామాబాద్‌లో పాలకపక్షానికీ ఉంది, ప్రతిపక్షానికీ ఉంది. భుట్టోను ఎంతగా తిట్టిపోసినా ఈ ఒక్క విషయంలో పంజాబ్ నాయకులంతా ఒకే గూటి పక్షులు.

ఈ గందరగోళమంతా ఎంత దూరం పోయిందో చూడాలంటే పాకిస్తాన్ రాజ్యాంగం తిరగేయాలి. 1973 ఏప్రిల్ 10న జాతీయ సభ ఆమోదించిన ఆ రాజ్యాంగం దేశానికి ఎంతో పనికొచ్చింది, ఎన్ని సైనిక బూట్లు తొక్కినా ఇవాళ్టికీ నిలిచే ఉంది. దాని మొట్టమొదటి అధికరణంలో దేశంలో ఏయే రాష్ట్రాలున్నాయో చెప్పాక మూడో క్లాజు ఒకటి పెట్టారు. తూర్పు పాకిస్తాన్ రాష్ట్రంలో విదేశీ దురాక్రమణ, దాని ప్రభావాలు తొలగిపోయినప్పుడు అక్కడి ప్రజలకు సమాఖ్య వ్యవహారాల్లో ప్రాతినిధ్యం కలిగేలా రాజ్యాంగాన్ని తగువిధంగా సవరిస్తారని దాని సారాంశం. ఢాకాలో అప్పటికి సొంత రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, దాని కింద 1973 మార్చిలో ఎన్నికలూ అయిపోయాయి. ఇస్లామాబాద్ మాత్రం వాళ్ళ కోసం తలుపు ఓరగా తీసి పెట్టుకుని కూర్చుంది.

ఆ జాతీయ సభలో తూర్పు తరఫున నిజంగా ఇద్దరు కూర్చునేవారు. అవామీ లీగ్‌కు దక్కని ఆ రెండు స్థానాల నుంచి నెగ్గినవాళ్ళు. ఒకరు నూరుల్ అమీన్. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ భాష కోసం ఊరేగిన విద్యార్థులమీద కాల్పులు జరిగినప్పుడు తూర్పు బెంగాల్ ముఖ్యమంత్రి ఈయనే. యుద్ధం చివరి రోజుల్లో రెండు వారాలపాటు పాకిస్తాన్ ప్రధాని, తర్వాత ఉపాధ్యక్షుడు. ఆ పదవిలో కూర్చున్నవాడు పాకిస్తాన్ చరిత్రలో ఆయనొక్కడే. ఉండీ లేని రాష్ట్రానికి ప్రతినిధిగా చూపడానికి భుట్టోకు అంతకన్నా అనువైన మనిషి దొరకడు.

రెండోవాడు రాజా త్రిదివ్ రాయ్. చిట్టగాంగ్ కొండల్లోని చక్మా తెగకు రాజు, బౌద్ధుడు. ఈయన కథ ఎవరైనా నవలగా రాయదగ్గది. 1972లో బంగ్లాదేశ్ ఐక్యరాజ్యసమితి సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే, అడ్డుకోవడానికి పంపిన పాకిస్తాన్ ప్రతినిధి వర్గానికి భుట్టో ఈయననే నాయకుణ్ణి చేశాడు. ముజీబ్ తక్కువ తిన్నాడా? బంగ్లాదేశ్ తరఫున వెళ్ళిన వర్గంలో రాయ్ కన్నతల్లి వినీతా రాయ్‌ను చేర్చి, కొడుకును నచ్చజెప్పి తీసుకురమ్మని పంపాడు. కొడుకు రాలేదు. సభ్యత్వమూ రాలేదు. ఆ ఆగస్టు 25నే భద్రతామండలిలో చైనా వీటో వేసింది. కమ్యూనిస్టు చైనా ఐక్యరాజ్యసమితిలో అడుగుపెట్టాక వేసిన మొదటి వీటో అదే. రాయ్ తర్వాత అర్జెంటీనాలో పాకిస్తాన్ రాయబారిగా చాలా ఏళ్ళున్నాడు. 2012లో ఇస్లామాబాద్‌లోనే పోయాడు.

వీటో సంబరం ఎంతోకాలం నిలవలేదు. ఎందుకంటే అసలు ముడి న్యూయార్కులో లేదు, యుద్ధఖైదీల శిబిరాల్లో ఉంది. 1972 జూలై 2న సిమ్లా ఒప్పందంతో పశ్చిమాన పోయిన నేల తిరిగొచ్చింది గానీ మనుషులు రాలేదు. ఖైదీలు లొంగిపోయింది భారత, బంగ్లాదేశ్ సంయుక్త కమాండుకు గనక ఢాకా ఒప్పుకోకుండా వదలలేమని ఢిల్లీ అనేది. ముందు మా దేశాన్ని గుర్తించండి, ఆ తర్వాతే ఒక బల్ల దగ్గర కూర్చుంటాం అని ఢాకా అనేది. ముందు ఖైదీలు, ఆ తర్వాతే గుర్తింపు అని ఇస్లామాబాద్ అనేది. ఖైదీల్లో అత్యధికులు పంజాబీలు. జీలం, రావల్పిండి, చక్వాల్ ప్రాంతాల్లో సైన్యంలో మనిషి లేని ఊరు దొరకదు. భుట్టోకు ఓట్లు కురిసిందీ పంజాబ్‌లోనే. గుర్తిస్తే నగరాల్లో విద్యార్థులు రోడ్డెక్కుతారు, గుర్తించకపోతే పల్లెల్లో తల్లులు, భార్యలు శాపనార్థాలు పెడతారు. అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి.

భుట్టో నెమ్మదిగా జనాన్ని సిద్ధం చేయబోయాడు. ప్రసంగాల్లో బంగ్లాదేశ్ అనకుండా 'ముస్లిం బెంగాల్' అనేవాడు. 1973 జనవరి మొదట్లో కరాచీ సభలో గుర్తింపు సంగతి కదిపితే 'నామంజూర్, నామంజూర్' అని కేకలు మిన్నంటాయి. ఏడాది కింద ముజీబ్ విడుదలకు సరేనన్న నగరం అదే. జనంచేత ఔననిపించుకోవడం ఇక సాగదని తేలిపోయింది.

అప్పుడు పట్టుకున్నాడు కోర్టు దారి. బంగ్లాదేశ్‌ను గుర్తించే అధికారం ప్రభుత్వానికిస్తూ జాతీయ సభ తీర్మానం చేయవచ్చా, అందుకు చట్టప్రకారం అడ్డేమైనా ఉందా చెప్పమని అధ్యక్షుడి హోదాలో సుప్రీంకోర్టు సలహా కోరాడు. చూడ్డానికి న్యాయశాస్త్ర సందేహం. నిజానికి ఒకరి భుజంమీద తుపాకీ పెట్టి కాల్చడం. ఏ ప్రభుత్వమైనా ఇంకో దేశాన్ని గుర్తించడానికి కోర్టును అడుగుతుందా? అడగాల్సి వచ్చిందంటే ఇది విదేశాంగ వ్యవహారం కాదు, సొంత దేశం హద్దులు చెరిపి రాసుకునే వ్యవహారం. పైగా ఈ పని చేయవలసిన జాతీయ సభ 1970లో ఉమ్మడి దేశానికి ఎన్నికైన సభలో మిగిలిన ముక్క. మెజారిటీ వెళ్ళిపోతే మిగిలిన మైనారిటీ కూర్చుని, వాళ్ళు వెళ్ళడం చెల్లుతుందని తీర్మానించవచ్చా అన్నది నిజంగానే చిక్కు ప్రశ్న.

దానికి జవాబు చెప్పాల్సిన ప్రధాన న్యాయమూర్తి హమూదుర్ రెహమాన్. పాట్నాలో పుట్టి, కలకత్తాలో వకీలుగా పెరిగి, ఢాకా హైకోర్టు న్యాయమూర్తిగా, ఢాకా విశ్వవిద్యాలయం ఉపకులపతిగా పనిచేసిన మనిషి. తూర్పులో ఘోర పరాజయానికి కారణాలు వెతకమని భుట్టో వేసిన కమిషన్‌కు అధ్యక్షుడూ ఈయనే. 1972 జూలైలో ఆయన ఇచ్చిన నివేదికను భుట్టో బీరువాలో పెట్టి తాళం వేశాడు, అది 2000 దాకా జనం కంట పడలేదు. సైన్యాధికారుల తాగుళ్ళు, దోపిళ్ళు, చంపిన తీరు అందులో ఉన్నాయి. ఆ నివేదిక అప్పుడే బయటికొచ్చి ఉంటే నామంజూర్ అని అరిచిన విద్యార్థుల్లో కొందరైనా ఆగి ఆలోచించేవాళ్ళేమో. ఎందుకు విడిపోయారో తెలియని జనాన్ని, విడిపోయారని ఒప్పుకోమనడం ఎలా కుదురుతుంది? భుట్టో చేసిన అసలు తప్పు ఆలస్యం కాదని, ఈ తాళమేనని నేననుకుంటాను.

అటార్నీ జనరల్ యాహ్యా బక్తియార్ ప్రభుత్వం తరఫున వాదించాడు. అలాంటి తీర్మానానికి చట్టంలో అడ్డేమీ లేదని 1973 జూలైలో కోర్టు చెప్పింది. వెంటనే అదే నెలలో జాతీయ సభలో తీర్మానం పెట్టారు. ప్రతిపక్షం లేచి బయటికెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు నెగ్గించారు. అందులోనూ ఒక మెలిక ఉంది. గుర్తిస్తున్నామని కాదు, దేశ హితం చూసి తగిన సమయంలో గుర్తించే అధికారం ప్రభుత్వానికి ఇస్తున్నామని మాత్రమే. తగిన సమయం ఎప్పుడో భుట్టో ఇష్టం.

కోర్టు కాగితం, సభ తీర్మానం చేతిలో పెట్టుకుని మరో ఏడు నెలలు కూర్చున్నాడు. ఈలోగా బేరం సాగింది. ముజీబ్ ప్రభుత్వం 195 మంది పాక్ సైనికాధికారులను యుద్ధనేరాల కింద విచారిస్తామని ఏప్రిల్లోనే ప్రకటించింది. భుట్టో మేలో అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కాడు, పాకిస్తాన్‌లో చిక్కుకుపోయిన బెంగాలీ ఉద్యోగుల్లో రెండొందల పైచిలుకు మందిని మేమూ బోనెక్కిస్తామని బెదిరించాడు. చివరికి ఆగస్టు 28న ఢిల్లీలో మన తరఫున పి.ఎన్. హక్సర్, అటు అజీజ్ అహ్మద్ ఒప్పందం చేసుకున్నారు. ఆ 195 మంది తప్ప మిగతా ఖైదీలు పాకిస్తాన్‌కు, పాకిస్తాన్‌లోని బెంగాలీలు బంగ్లాదేశ్‌కు, బంగ్లాదేశ్‌లోని ఉర్దూ మాట్లాడే బీహారీల్లో కొందరు పాకిస్తాన్‌కు. 195 మంది సంగతి తేలాలంటే మాత్రం ముగ్గురూ కూర్చోవాలి, సరిసమానమైన దేశంగా అయితేనే కూర్చుంటానని బంగ్లాదేశ్ కాగితంమీదే రాయించుకుంది. గుర్తింపు తప్పించుకునే దారులన్నీ అక్కడితో మూసుకుపోయాయి.

భుట్టోకు కావలసింది ఇక మంచి ముహూర్తం, ఓటమి వాసన రాని వేదిక. 1974 ఫిబ్రవరిలో అది దొరికింది. నాలుగు నెలల కింద అరబ్బులు ఇజ్రాయెల్‌తో యుద్ధం చేశారు, చమురు ఆపి పాశ్చాత్య దేశాలను గడగడలాడించారు. ఆ ఊపులో 22వ తేదీనుంచి లాహోర్‌లో ఇస్లామిక్ దేశాల శిఖరాగ్ర సభ. సౌదీ రాజు ఫైసల్, సాదత్, గద్దాఫీ, అరాఫత్ అందరూ వస్తున్నారు. అంత పెద్ద ముస్లిం దేశం బంగ్లాదేశ్ లేకుండా సభ ఏమిటని ఒత్తిడి వచ్చింది. గుర్తించని దేశం గడప తొక్కనన్నాడు ముజీబ్. కువైట్ విదేశాంగ మంత్రి నాయకత్వంలో ఒక బృందం ఢాకాకు పరుగెత్తింది. ఇటు శుక్రవారం, 22న, భుట్టో ప్రకటించేశాడు. ఇది నాకు ఇష్టమైన నిర్ణయమని చెప్పను, గుండె సంతోషంగా ఉందనీ చెప్పను అన్నాడు. అల్లా పేరు మీద, సోదర దేశాల మాట కాదనలేక చేస్తున్నానన్న ధోరణి. ఢిల్లీ ఒత్తిడికి తలొగ్గాడనడానికి ఇప్పుడు వీల్లేదు. ఫైసల్ మాట విన్నాడని జమాతే ఇస్లామీ ఎలా తిడుతుంది? రాజకీయ నాటకం అనాలంటే ఇంతకన్నా చక్కని అంకం నాకు గుర్తు రావడం లేదు.

మర్నాడు ముజీబ్ అల్జీరియా అధ్యక్షుడు బూమెదీన్ పంపిన విమానంలో, విదేశాంగ మంత్రి కమాల్ హుస్సేన్‌ను వెంటబెట్టుకుని లాహోర్‌లో దిగాడు. రెండేళ్ళ కింద ఇద్దరూ ఈ దేశం జైళ్ళనుంచి ఒకే విమానంలో లండన్ వెళ్ళినవాళ్ళే. ఇరవయ్యొక్క తుపాకుల వందనం. పాకిస్తాన్ సైనిక బ్యాండు బంగ్లాదేశ్ జాతీయగీతం వాయించింది. ఆ సైన్యానికి అప్పటి అధిపతి టిక్కాఖాన్, 1971 మార్చి 25 రాత్రి ఢాకామీద ఉక్కుపాదం మోపిన జనరల్. పంజాబ్ శాసనసభ భవనంలో సభ జరిగింది. ఢాకాలోనూ అందరూ సంతోషించలేదు. ముప్ఫై లక్షలమందిని పోగొట్టుకున్నామని చెప్పుకునే దేశానికి ప్రధాని ఆ భుట్టోను కౌగిలించుకోవడం జీర్ణించుకోలేనివాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు.

ఆ తర్వాతవి చకచకా జరిగాయి. ఏప్రిల్ 9న ఢిల్లీలో ముగ్గురు విదేశాంగ మంత్రులు సంతకాలు చేశారు. ఏవైనా నేరాలు జరిగి ఉంటే ఖండిస్తున్నామని, చింతిస్తున్నామని పాకిస్తాన్ అంది. 'జరిగి ఉంటే' అన్న ఆ షరతు బెంగాలీలకు ఇప్పటికీ మంటే. బంగ్లాదేశ్ 195 మందిమీద విచారణ మానుకుంది. ఆ నెల 30న నియాజీ వాఘా దాటాడు, ఖైదీల్లో ఆఖరివాడు. సెప్టెంబరులో బంగ్లాదేశ్ ఐక్యరాజ్యసమితిలో చేరింది, ఈసారి చైనా అడ్డుపడలేదు. అంతకుముందే మేలో పాకిస్తాన్ రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి, మొదటి అధికరణంలో తూర్పు పాకిస్తాన్ ప్రస్తావన ఉన్న ఆ మూడో క్లాజును తీసేశారు.

జూన్ 27న భుట్టో వందమందికి పైగా బృందంతో ఢాకాకు బయల్దేరాడు. వెంట కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ కూడా ఉన్నాడు. విమానాశ్రయం రోడ్డు పొడుగునా ఆయనకు దొరికిన స్వాగతం, సావర్ అమరవీరుల స్మారకం దగ్గర పడ్డ ఇబ్బంది, ఉమ్మడి ఆస్తుల పంపకంలో చెడిన లెక్క వచ్చే భాగంలో.

(సశేషం)